రిచీ వీధిలో బ్రోకరు

"తమ్ముడూ, అది తీ... తీసుకోకు."

వెనకనుంచి ఎవరో మారన్ మోచెయ్యి పట్టుకున్నారు.

మారన్ తిరిగి చూడలేదు. కంప్యూటర్ సామాన్లమ్మే రిచీ వీధిలో మోచెయ్యి పట్టుకునేవాడెవడో చెన్నైలో అందరికీ తెలుసు. బ్రోకరు. ఒక్క మాట జవాబిచ్చావా, ఏదో మేడ మెట్లెక్కించి పాత సరుకు అంటగట్టేదాకా వదలడు. అందుకే ఆ వీధిలో కొనడానికి వచ్చినవాళ్లు చెవిటివాళ్లలా నడుస్తారు.

"చెయ్యి తియ్యన్నా," అన్నాడు మారన్, కౌంటర్ మీదనుంచి చూపు మరల్చకుండా.

కౌంటర్ మీద రెండు ప్రాసెసర్లున్నాయి. తెరమీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ లోపలే ఉన్నది ఒకటి. అది లేనిది, పేరు చివర 'ఎఫ్' ఉన్నది రెండోది. ఎఫ్ రకం చవక. మిగిలిన డబ్బు కలిపితే పాతవాటిలో కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డే వస్తుంది.

ఇందుకోసమే మారన్ బండి అమ్మేశాడు. ఆదివారం బెంగళూరు కంప్యూటర్ ఆటల టీము వాళ్ల ట్రయల్. ఇంట్లోంచే ఆడాలి, వాళ్లు అక్కణ్ణుంచి చూస్తారు. నెగ్గితే నెల జీతం మీద ఆటగాడు. లేకపోతే అంబత్తూరులో మామయ్య లేత్ షెడ్డులో పని. నాన్నతో కుదిరిన ఒప్పందం అది.

"ఎఫ్ వద్దు," అన్నాడా మనిషి మళ్ళీ. "పా... పాత కార్డుని నమ్మలేం. ఆట మధ్యలో పోతే తెర నల్లబడుతుంది. గ్రాఫిక్స్ లోపలే ఉంటే, తెర వైరు కార్డునుంచి పీకి మ... మదర్‌బోర్డుకి పెట్టుకోవచ్చు. మసగ్గానైనా ఆడొచ్చు."

ఈసారి మారన్ తిరిగి చూశాడు. నలభై దాటిన మనిషి. చెమటకి చొక్కా వీపుకంటుకుపోయింది. చంకలో గుడ్డసంచి.

"నా దగ్గర ఒకటుంది. నీ బోర్డుకి స... సరిపోతుంది. తీసుకో."

సంచిలోకి చెయ్యి పోనిచ్చాడు.

"అదన్నమాట సంగతి," అన్నాడు మారన్. "ఫక్రుద్దీన్ బాయ్, మీ కొట్లోకే వచ్చి బేరం పెడుతున్నాడు చూడండి."

కొట్టు యజమాని కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏమయ్యా, కొత్త ముఖంలా ఉన్నావ్. ఏ కొట్టు తరఫున?"

"కొట్టు కా... కాదు బాయ్. ఈ తమ్ముడికి... నే... నేను..."

"అన్నా, నీ మాట పూర్తయ్యేలోపు కొత్త మోడల్ వచ్చేస్తుంది," అన్నాడు మారన్.

కొట్లో అందరూ నవ్వారు.

ఆ మనిషి పెదవులు ఏదో మాట కోసం కాసేపు పెనుగులాడాయి.  సంచిలోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీసి, గుంపులో కలిసిపోయాడు.

"సిగ్గుపడే బ్రోకర్ని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు బాయ్. "ఎఫ్ కట్టమంటావా తంబీ?"

"కట్టండి బాయ్. ఆ పాత గ్రాఫిక్స్ కార్డు కూడా."

"కార్డు ఇక్కడ పనిచేస్తోంది, చూశావుగా. పాత సరుక్కి గ్యారంటీ నా గడపదాకానే. తర్వాత నా మీదికి రావద్దు."

ఇంటికొచ్చి మెషీన్ బిగించగానే మారన్ తాబేలుకి కబురు పెట్టాడు. తాబేలంటే ఆటలో స్నేహితుడు. ఏళ్ల తరబడి కలిసి ఆడుతున్నారు. అసలు పేరేమిటో తెలీదు, ముఖం చూడలేదు, గొంతూ వినలేదు; అన్నీ రాతలోనే. మారన్ మాత్రం తన ఫొటోనుంచి ఏ రోజు ఏ కొట్లో ఏం కొనబోతున్నాడో దాకా అంతా అతనికి చెప్పేవాడు. మారన్‌కి గురి నేర్పింది అతనే. బెంగళూరు వాళ్లకి పదేపదే చెప్పి ఈ ట్రయల్ ఇప్పించిందీ అతనే.

'మెషీన్ లేచింది గురూ. ఎలా వచ్చిందో అడుగు.'

జవాబు లేదు. తాబేలు బొమ్మ పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క వెలగలేదు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాడు మారన్.

ఆదివారం మారన్ ఎన్నడూ ఆడనంత బాగా ఆడాడు. ఆట చివరి రౌండుకి వచ్చింది.

తెర నల్లబడింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. చెవుల్లో జట్టువాళ్ల గొంతులు వినబడుతూనే ఉన్నాయి.

"మారన్, ఎడమవైపు నీదేగా. ఎక్కడ చచ్చావ్?"

"మాట్లాడరా బాబూ. వచ్చేస్తున్నారు."

మారన్ కార్డునుంచి వైరు పీకి బోర్డు వెనక గుచ్చాడు. వైరు చక్కగా దిగింది. తెర మీద ఏమీ రాలేదు. ఎఫ్ దగ్గర చూపించడానికి బొమ్మ లేదు.

నల్లటి తెర ముందే మౌసు నొక్కుతూ కూర్చున్నాడు. చెవుల్లో ఆటలోని తుపాకులు మోగాయి. ఆగిపోయాయి.

గుమ్మంలో నాన్న నిలబడ్డాడు. "అయిందా?"

"అయింది నాన్నా."

"రేపు పొద్దున్నే రెండిడ్లీలు తిని బయల్దేరు. షెడ్డుకి బస్సు త్వరగా ఉంది."

సాయంత్రం ఫోన్ మోగింది. బెంగళూరు టీము మేనేజరు చైత్ర.

"మీ ఆట మాకు నచ్చింది మారన్. కానీ మ్యాచ్ మధ్యలో మెషీన్ పోయినవాణ్ణి తీసుకోలేం."

"పాత కార్డు మేడమ్, అది పోయింది. ఒక్కసారి, ఇంకొక్కసారి..."

"ఆ చోటు వేరేవాళ్లకి ఇచ్చేశాం. అయినా కార్డు పోతే వైరు బోర్డుకి మార్చుకోవచ్చుగా?"

"నాది ఎఫ్ మేడమ్."



"ఎఫ్ ఎలా అవుతుంది?" అంది చైత్ర మెల్లగా. "మీ దగ్గరికి బయల్దేరుతున్నానని చెప్పిన రోజునుంచీ మీ తాబేలు మా ఫోన్లూ తియ్యడం లేదు... నత్తి అని పదిమందిలో నోరు విప్పని మనిషి, తన మెషీన్ విప్పేసి అందులోని ప్రాసెసర్ మీకిచ్చి రావడానికి అంత దూరం ఆంబూరునుంచి రిచీ వీధికి వచ్చాడే, మీకు కనబడలేదా?"