నాలుక కింద రాయి

రొయ్యల ఫ్యాక్టరీ గేటు దగ్గర నూకరత్నం నాలుక చాపి అద్దానికి ఆనించింది. ఇప్పుడు ఏ పనికి వెళ్లినా ఉమ్మి చూసి లోపలికి పంపే గేట్లే. అద్దం ఎర్రగా వెలిగింది.

“లాలాజలం చాలదు. కారణం, పులుపు ఎక్కువ తినడం. ఈ రోజు పని లేదు” అంది గేటు.

అన్నం ముద్ద నోట్లో పెడితే చాలు, కొన్నాళ్లుగా ఆమె దవడ కింద ఉబ్బి సలుపుతోంది.

“పులుసు మానెయ్యమ్మా” అన్నాడు సూపర్‌వైజర్ దివాకరం.

“పులుసు కాదు బాబూ. ఉమ్మి వచ్చే దారిలో రాయి అడ్డం పడిందని డాక్టరమ్మ సెప్పింది. నీల్లు సాలకపోయినా అలా అవుద్దట. పని ఆగుద్దని బాత్రూంకి తాళమేసేసి, మమ్మల్ని నీల్లెలా తాగమంటారు?”

నూకరత్నం గేటుకు అడ్డంగా కూర్చుని, సీసా ఎత్తి గటగటా తాగింది. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లూ వచ్చి పక్కన కూర్చుని తమ సీసాలు తెరిచారు. లోపలికి పోలేక ఆగిపోయిన లారీలో రొయ్యల మీది ఐసు కరిగి నేల మీద కారుతోంది. గేటు పేరుపేరునా పిలుస్తున్నా ఒక్కరూ లేవలేదు.

“ఏం కావాలమ్మా మీకు?” అన్నాడు చివరికి దివాకరం.

“తాళం తియ్యండి. మల్లీ ఎయ్యకండి.”

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. నూకరత్నం దాన్ని అందుకుని కొంగున ముడేసుకుంది.