లెక్కలోకి వచ్చే మనిషి

"పోయిన మనిషి పేరు?" అని అడిగాడు సమితి ఆఫీసరు.

"ప్రేమదాసండి," అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు వీరరాఘవయ్య. "ఇదిగో, ఈ దేవమణి పెనిమిటి."

దేవమణి గుడిసె గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. ఆఫీసరు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

మునేరు పొంగి నెల దాటింది. పాలెంలో సగం గోడలు కూలిపోయాయి. ఏటి వెంట మట్టికట్ట పడకపోతే వచ్చే వానాకాలానికి మిగతా సగం కూడా ఉండదు. ఈ ఏడాది ఒక్క కట్టకే డబ్బుంది. అడిగిన ఊళ్లు నాలుగు. ప్రాణనష్టం జరిగిన ఊరికే ముందు అని పైవాళ్లు తేల్చారు.

"ఓటర్ల జాబితాలో ఉన్నాడా?"

"ఉన్నాడండి. మొన్నటి ఎన్నికల్లో ఓటు కూడా వేశాడు."

"మా ఏరు ఓటుందా అని అడిగి ముంచదు బాబూ!" అంది వెనకనుంచి ముసలి సౌభాగ్యమ్మ.

"నువ్వుండవే!" అని కసిరాడు వీరరాఘవయ్య.

గుడిసెలో దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. ఆఫీసరు దాన్ని చూశాడు.

"పసిబిడ్డ ఉందా అమ్మా?"

"ఉండేదండి. అదీ ఆ నీళ్లలోనే."

"పేరు?"

"పెట్టలేదండి. పాదిరిగారు వచ్చాక పెడదామనుకున్నాం."

ఆఫీసరు పెన్ను ఆగింది. "పేరు లేని బిడ్డ లెక్కలోకి రాదమ్మా. పర్లేదులే. మీ ఆయన ఒక్కడు చాలు."

దేవమణి తలూపింది. ఏడవలేదు. ఆఫీసరు ప్రెసిడెంటును పక్కకు పిలిచాడు.

"ఆవిడ కంట తడే లేదేమయ్యా?"

"ఏడ్చి ఏడ్చి ఇంకిపోయిందండి."

"చూసినవాళ్లున్నారా?"

వీరరాఘవయ్య చెయ్యి ఊపాడు. గుంపులోంచి ఒక సాక్షి ముందుకు వచ్చాడు.

"పక్కింటి సొలొమోనండి," అన్నాడు వీరరాఘవయ్య. పాలెంవాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాక్షి నేలను చూస్తూ చెప్పాడు. "తెల్లారేసరికి మెడలోతు నీళ్లండి. ప్రేమదాసు బిడ్డని నెత్తిన పెట్టుకుని మెరకకేసి వస్తున్నాడు. ఎక్కడిదో తాటిదూలం కొట్టుకొచ్చి తగిలింది. చెయ్యి జారిందండి."

"తర్వాత?"

"మునిగి మునిగి వెతికాడండి. చేతికి నీళ్లే తగిలాయి."

"నువ్వు దగ్గర్నుంచే చూశావా?"

"దగ్గర్నుంచేనండి."

"ఆ తర్వాత?"

సాక్షి చూపు ఒకసారి గుడిసెలోని ఉయ్యాల మీదికి వెళ్లి మళ్లీ నేలకు దిగింది. దేవమణి గుంజను వదిలి, మళ్లీ పట్టుకుంది.

"ఆ తర్వాత ప్రేమదాసు లేడండి."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కట్ట మీకే. నేల ఆరగానే పని మొదలుపెట్టండి. సగం పని ఊరివాళ్లు శ్రమదానం చెయ్యాలి."

"చేస్తామండి," అన్నారు అందరూ.

జీపు జగ్గయ్యపేట వైపు వెళ్లిపోయింది. జనం ఎవరి దారిన వాళ్లు కదిలారు.

దేవమణి గుడిసెలోకి వెళ్లి, చల్లారిన అన్నం కంచంలో వడ్డించి, గోడవైపు తిరిగి కూర్చున్న సాక్షి ముందు పెట్టి, "కట్ట అయ్యేదాకా నువ్వు నా మొగుడివి కాదంటయ్యా, తిను," అంది.