కడిగినా పోని పసుపు

“ఏంది బిడ్డా, చేతులు గిట్లున్నయ్?”

గాజులు తొడగబోయిన యాదలక్ష్మి ఆగిపోయి, కళ్ళజోడు సర్దుకుని, స్వరూప అరచేతిని కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుంది. ఆమె మగపిల్లవాడి తల్లి. పూలు పండ్లు పెట్టి సంబంధం ఖాయం చేసుకుందామని మీర్‌పేట్ నుంచి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చంపాపేట్‌లోని ఆ చిన్న కిరాయి ఇంట్లో అప్పటిదాకా ఉన్న నవ్వులు టక్కున ఆగిపోయాయి. స్వరూప అరచేయి పచ్చగా ఉంది.

“పొద్దుగాల పిల్ల గడపకు పసుపు రాసింది, వదినె. గదే అంటింది,” అంది స్వరూప తల్లి అరుణమ్మ.

“అయితే కడుగు, చూస్తా.”

అరుణమ్మ తడిగుడ్డ తెచ్చి రుద్దింది. పోలేదు. సబ్బు పెట్టి రుద్దింది. చర్మం కందిపోయింది గానీ, ఎరుపు తగ్గగానే పచ్చదనం మళ్ళీ పైకి తేలింది.

యాదలక్ష్మి గాజులు డబ్బాలో పెట్టి మూత వేసింది.

“కామెర్లు. నాకెరికే. మా మరిదిని గివే మింగినయ్. రోగం దాచిపెట్టి నా కొడుకుకు అంటగడ్తరా వదినె?”

“అయ్యో, దేవుని మీద ఒట్టు! పిల్లకు జ్వరమన్న రాలే.”

“మరి గీ పసుపేంది?”

స్వరూప తల వంచుకుంది. పెళ్ళిచూపులు కుదిరిన నాటి నుంచి ఆమె మాత్రలు మింగుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో తాను పనిచేసే చీరల దుకాణం పక్కనే చర్మం మెరుపుకని అమ్మే క్యారెట్ మాత్రలవి. ఇంట్లో మాత్రం రక్తం పట్టే మాత్రలని చెప్పింది. లోపల పోషణ అందితేనే పైన నిగారింపు వస్తుందని అమ్మే అమ్మాయి అంటే, మాత్రలు చాలవన్నట్టు పొద్దున క్యారెట్ రసం, మధ్యాహ్నం బొప్పాయి, రాత్రికి గుమ్మడికాయ కూర. అరచేతులు రంగు తిరుగుతుంటే మెరుపు మొదలైందని మురిసిపోయింది కూడా. ఇప్పుడు భయం పట్టుకుంది. నిజంగానే కామెర్లయితే?

పోనీ మాత్రల సంగతి చెప్పేద్దామంటే నోరు రాలేదు. “పిల్ల మొఖంల కళ చూసే ఒప్పుకున్న,” అని యాదలక్ష్మి ఇందాకే అందరి ముందూ అంది. చెబితే మోసం, చెప్పకపోతే రోగం.

“జర తిని మాట్లాడుకుందాం వదినె,” అని అరుణమ్మ గారెల పళ్ళెం ముందు పెట్టింది.

“తీసెయ్. నూనె వాసనే పడ్తలేదు నాకు.” యాదలక్ష్మి పళ్ళెం నెట్టేసి లేచింది. “శేఖర్, లే. పోదాం.”

శేఖర్ లేవలేదు. “దవాఖానల చూపిచ్చినంక మాట్లాడుదాం అమ్మా.”

“అప్పుడే మొదలువెట్టినవా పెండ్లాం పాట?”

అన్నదే గానీ, రుజువు చేసి మరీ పోవాలన్న పట్టుదల ఆమెకూ వచ్చింది. నలుగురూ మెయిన్ రోడ్డు మీది డాక్టర్ నాగేశ్వరి దగ్గరికి నడిచారు. క్లినిక్ మెట్ల మధ్యలో యాదలక్ష్మి ఆయాసంతో కూలబడింది. స్వరూప చెయ్యి అందించబోతే, “ముట్టకు!” అని కసిరి తానే లేచింది. పచ్చటి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

“కామెర్లు, డాక్టరమ్మా. నేను జెప్తున్న గద,” అంది యాదలక్ష్మి లోపలికి వస్తూనే.

“నన్ను కూడా కాస్త చూడనివ్వండి,” అంది నాగేశ్వరి. స్వరూపను స్టూలు మీద కూర్చోబెట్టి అరచేతులు, అరికాళ్ళు చూసింది. “ఈమధ్య ఏం తింటున్నావమ్మా?”

స్వరూప శేఖర్ వైపు చూసింది.

“క్యారెట్ రసం, మేడం. బొప్పాయి.”

“ఇంకా?”

“మాత్రలు.”

“ఏం మాత్రలు?”

“క్యారెట్‌వే. చర్మం మెరవాలని...”

“రక్తానికన్నవు గదనే!” అరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఓహో! అయితే గా కళంత మాత్రల డబ్బాలకెల్లి వచ్చిందా?” యాదలక్ష్మి గొంతు బయట కూర్చున్న వాళ్ళకూ వినబడింది. “మొఖం చూసి మోసపోయిన. ఇగ రోగం సంగతి గూడ తేలనియ్. రోగమున్న మనిషిని నా గడప తొక్కనియ్య.”

“అమ్మా, జర చిన్నగ,” అన్నాడు శేఖర్.

నాగేశ్వరి చిన్న టార్చి వెలిగించి స్వరూప కంటి రెప్ప కిందికి లాగింది. ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. అరుణమ్మ పెదవులు ఏ దేవుడినో పిలుస్తూ కదులుతున్నాయి.

“కళ్ళు తెల్లగా ఉన్నాయి,” అంది నాగేశ్వరి. “కామెర్లయితే కళ్ళు కూడా పచ్చబడతాయి. ఇది క్యారెట్ రంగు, చర్మంలోకి దిగింది. ఆ మాత్రలు ఆపెయ్, మెల్లగా అదే పోతుంది. చర్మం బాగుండాలంటే పప్పూ, ఆకుకూరా, గుడ్డూ అన్నీ తినాలి గానీ, ఒక్కదాన్నే పట్టుకు వేళ్ళాడితే ఎలాగమ్మా?”

స్వరూపకు ఏడుపు ముంచుకొచ్చింది. శేఖర్ మొదటిసారి నవ్వాడు.

“గట్లెట్ల?” యాదలక్ష్మి ఒప్పుకోలేదు. “సరిగ్గ చూడుండ్రి మేడం. గా లైటు జర ఇటు కొట్టుండ్రి, నేను చూపిస్త.”

కళ్ళజోడు తీసి, స్వరూప ముఖం మీదికి వంగింది. నాగేశ్వరి చేతిలోని వెలుగు స్వరూప మీంచి కదిలి, యాదలక్ష్మి ముఖం మీద నిలిచింది. అక్కణ్ణుంచి ఇక కదల్లేదు.

“పిల్లను చూడమంటే నన్ను చూస్తరేంది?”

“ఆ అమ్మాయిని లేపి మీరు కూర్చోండమ్మా,” అంది డాక్టర్ నెమ్మదిగా. “కామెర్లు మీకున్నాయి.”