బందరాయన

"ఇక్కడ బందరాయన ఎవరండీ?" అని అడిగాడు సూట్‌కేసు పట్టుకున్న పెద్దమనిషి.

లాల్‌దర్వాజాలో టీకొట్టు యూసుఫ్ భాయ్‌ది. ఆయన చెవి ఉర్దూ చెవి. ఆ చెవికి బందర్ అంటే కోతి.

"కోతాయన లేడు సాబ్. కోతిని ఆడించెటోడు శాలిబండ దిక్కు పోయిండు. గీడ చిలకాయన ఒక్కడే ఉన్నడు."

"గంత పెద్ద జూ పార్క్ పెట్టుకొని లాల్‌దర్వాజాల దేవులాడుతడేంది?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న ఆటో రవీందర్.

పక్కనే ఉన్న మ్యాచింగ్ సెంటర్ లోపల్నుంచి రఘురామ్ నవ్వుతూ కేకేశాడు. "చిలక కాడికే పంపు భాయ్. కోతి యాడుందో గదే చెప్తది."

అందరూ నవ్వారు. పెద్దమనిషి నవ్వలేదు. చిలక వైపు నడిచాడు.

మ్యాచింగ్ సెంటర్ మెట్టు పక్కన ఒక గోనెపట్టా, ఒక పంజరం, వరసగా కార్డులు, వాటి వెనక ఒక తెల్లగడ్డం. కొట్లో రఘురామ్ చీరకు జాకెట్టు గుడ్డ కలుపుతాడు. బయట ఈయన మనిషికి గ్రహం కలుపుతాడు. పేరు జగదీశ్వర్. అది పెట్టిన పేరు కాదు, పెట్టుకున్న పేరు.

బస్తీ అంతా ఆయన్ని బాపు అంటుంది, అంటే నాన్న. ఎవరన్నా అది మర్యాదే. రఘురామ్ అంటే మాత్రం ముసలాయన మొహం తిప్పుకుని పంజరం తుడుస్తాడు. ఎందుకంటే రఘురామ్ ఆయన కన్నకొడుకు. ఆ సంగతి తనకూ తన చిలకకూ తప్ప మూడో ప్రాణికి తెలియదని ఆయన ధీమా.

బందరులో రఘురామ్ చంటివాడుగా ఉన్నప్పుడు, పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే మందు తెస్తానని ఈయన ఇంట్లోంచి బయల్దేరాడు. మందు దగ్గరే ఆగిపోయాడు. ఏ మందో చెప్పక్కర్లేదు. మత్తు దిగాక సిగ్గు పట్టుకుంది. సిగ్గు ఊళ్లు తిప్పింది. భార్య కమలకుమారి పిల్లాణ్ణి చంకనేసుకుని ఈ లాల్‌దర్వాజా పక్కనే ఛత్రినాక చేరి, మిషను కుట్టి పెంచిందని ఏళ్ల తర్వాత చెవిన పడింది. అప్పుడొచ్చి కొడుకు కొట్టు ముందే పంజరం పెట్టాడు. గడ్డం పెంచాడు. యాస మార్చాడు. పాతబస్తీలో పాతవి ఎవరూ తవ్వరనుకున్నాడు.

రోజూ పొద్దున్నే రఘురామ్ టీ తెచ్చి "తాగు బాపు" అంటాడు. ఆ రెండు మాటల కోసమే ఆయనకు తెల్లవారుతుంది. బస్తీలో జోస్యం చెప్పించుకోనివాడు కూడా రఘురామ్ ఒక్కడే. "నా జాతకం నాకు ఎర్కే బాపు" అని తప్పించుకుంటాడు.

పెద్దమనిషి గోనెపట్టా మీద కూర్చుని సూట్‌కేసు ఒళ్లో పెట్టుకున్నాడు.

"పేరు చెప్పుర్రి సార్. పేరు పిలిస్తెనే చిలక బయటికొస్తది."

"మైలవరపు రామచంద్రరావు."

పిలవబోయిన నోరు అలాగే ఉండిపోయింది. ఊరందరి పేరు మీదా కార్డు తీయించినవాడు తన అసలు పేరు మీద ఎలా తీయిస్తాడు? పిలుపు వినపడక చిలక తల పక్కకు వాల్చి చూసింది.

భవిష్యత్తు అమ్ముకునేవాడికి భూతం ఎదురైంది. అది సొంత తమ్ముడు గోవర్ధన్ మొహం పెట్టుకుని వచ్చింది.

"గడ్డం బానే కుదిరింది అన్నయ్యా."

"మెల్లగా మాట్లాడరా." యాస ఊడిపోయింది. "నన్నెట్లా పట్టుకున్నావ్?"

"అదంతా ఎందుకులే. రేపట్నించి వదిన కొట్లో కూర్చుంటుంది. రోజూ ఈ మెట్టే ఎక్కాలి. నిన్ను చూసిందంటే గుండె ఆగిపోద్ది. ఇప్పుడే నాతో బయల్దేరతావా, లోపలికెళ్లి అబ్బాయికి చెప్పెయ్యమంటావా?"

"వాడికి చెప్పకురా. ఎవడో ముసలాడనుకుని బాపు అంటున్నాడు. ఆ పిలుపొక్కటీ ఉండనియ్యి."

"అయితే లే."

"తోడబుట్టినవాడివి. ఇంత ద్రోహమా?"

"ద్రోహం సంగతి నువ్వే చెప్పాలి మరి" అన్నాడు గోవర్ధన్, గోనెపట్టా మడతపెడుతూ.

కార్డులు మూటలోకి వెళ్లాయి. రఘురామ్ బయటికొచ్చి చూశాడు.

"ఏంది బాపు, దుకాణం సదురుతున్నవ్?"

"ఊరికి పోతున్న బిడ్డా. పాత దోస్తు పిలిచిండు."

"మంచిది. చాయ్ తాగి పో."

ఏ ఊరని అడగలేదు. ఎప్పుడొస్తావనీ అడగలేదు. టీ గ్లాసు చేతికిచ్చి, రవీందర్‌ను ఆటో తెమ్మన్నాడు. పంజరం తనే ఎత్తి సీటు మీద పెట్టాడు. ముసలాయన గ్లాసును రెండు చేతులా పట్టుకుని, టీ చల్లారిపోయేదాకా తాగాడు.

ఆటో ఎక్కాక తమ్ముడి మొహం చూడబుద్ధి కాలేదు. తమ్ముడు ముంచితే ముంచాడు, కొడుక్కి మాత్రం ఏమీ తెలియలేదు. అది చాలనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

నాలుగు గజాలు కదిలిందో లేదో, గాజుల బండి అడ్డమొచ్చి ఆటో ఆగింది. వెనకనుంచి యూసుఫ్ భాయ్ గొంతు వినిపించింది.

"అరే రఘు, గా సాబ్ కోతి కోసమొచ్చి చిలకాయనను ఏస్కపోతుండేంది? ఇంతకీ బందర్ దొరికిందా లేదా?"

టీకొట్టు మళ్లీ నవ్వింది. రఘురామ్ ఖాళీ గ్లాసును బల్ల మీద బోర్లించి, ఆటోదాకా వినపడేలా అందరికీ విడమరిచి చెప్పాడు.

"బందర్ అంటే కోతి కాదు భాయ్, మా నాన్న ఊరు, ఆయనను తోల్కపొమ్మని మా బాబాయిని పిలిపించింది నేనే."