దిగని రెండు కిలోలు

"ఈ ప్యాంటు నడుం దగ్గర ఇంకో అంగుళం లోపలికి పట్టాలి," అన్నాడు బేకరీ మాస్టరు, ప్యాంటు తెచ్చి కుట్టుమిషను మీద పెడుతూ.

భార్య తొక్కుతున్న కాలు ఆపింది. "ఇది మూడోసారి. ఎవరికోసమండీ ఈ సన్నబడటం?"

"ఎవరికోసమేంటి? ఒళ్లు తేలిగ్గా ఉంటే మంచిదేగా."

"నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలియలేదా ఆ మంచి?"

ఆయన నవ్వేసి వంటింట్లోకి వెళ్లాడు. బేకరీలో పిండి తూచే చిన్న కాటా ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మీద అన్నం పెట్టి, ఒక ముద్ద వెనక్కి తీసి, నోటుపుస్తకంలో అంకె వేసుకున్నాడు.

"ఒక్క క్రీమ్ బన్ను మూడువందల కేలరీలు. తినడానికి రెండు నిమిషాలు, కరిగించడానికి గంట నడక. చెంచా నూనె నూట ఇరవై. పాతికేళ్లుగా పొయ్యి ముందు నిలబడ్డాను, ఈ లెక్క ఒక్కరూ చెప్పలేదు."

"మరిప్పుడెవరు చెప్పారు?"

"ఒకావిడ," అని చటుక్కున నాలిక కరుచుకుని, కంచం తీసుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెకు గుండెల్లో ముల్లులా దిగింది. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో డయాలసిస్ మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకుని వస్తోంది. కిడ్నీ దొరికేదాకా ఇంతే. ఇంట్లోవాళ్లవి పనికిరావని ఎప్పుడో తేలిపోయింది. తాను గుక్కెడు నీళ్లు కొలుచుకు తాగుతుంటే, మొగుడు నడుం కొలుచుకుంటున్నాడు.

మర్నాడు ఫోన్లో అక్క అగ్గికి ఆజ్యం పోసింది. "నేనన్నానని అనుకోకు చెల్లీ. ఆ వయసులో మగాడు చిక్కుతున్నాడంటే ఊరికే కాదు. నీ తర్వాత ఎలాగా అని ఇప్పట్నించే చూసుకుంటున్నాడు. ముందుచూపున్న మనిషి."

"ఊరుకో అక్కా," అందిగానీ, తాను ఊరుకోలేకపోయింది. ఆయన చొక్కాలు వాసన చూసింది. జేబులు వెతికింది. నడకకు బయల్దేరితే కిటికీలోంచి వీధి మలుపు దాకా చూసింది. ఒక మధ్యాహ్నం బాల్కనీలో ఆయన గొంతు తగ్గించి మాట్లాడుతుంటే తలుపు చాటున నిలబడింది.

"ఇంకో రెండు కిలోలేగా మేడం, దించేస్తాను... లేదు లేదు, మా ఆవిడకి అప్పుడే తెలియకూడదు."

ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఆయన కోసం విడిగా ఉంచిన కూర గిన్నె మూత తీసింది. ఆయన పుస్తకంలో ఒక చెంచా నూనె అని రాసి ఉంది. ఇంకో మూడు చెంచాలు పోసి, పైకి తేలకుండా బాగా కలిపింది. మూడు నూటయిరవైలు మూడువందల అరవై. లెక్క ఆయన నేర్పిందే.

"కూర ఇవాళ భలే ఉంది," అన్నాడాయన.

"తినండి," అంది.

రోజూ అలాగే పోసింది. ఆయన బరువు ఉన్నచోటే ఆగిపోయింది. పొద్దున్నే తూకం మీద ఎక్కేవాడు, దిగేవాడు, చొక్కా విప్పి మళ్లీ ఎక్కేవాడు. పుస్తకం మొదటి పేజీనుంచి వెతికేవాడు. "ఎక్కడ తప్పుతోంది? మరీ మాడితే కుదరదంటారు. నీరసం వస్తే మొదటికే మోసమట." రోజంతా పొయ్యి దగ్గర నిలబడి వచ్చి, ఇంకో గంట ఎక్కువ నడవడం మొదలుపెట్టాడు. ఒకరోజు మెట్టు మీద కూలబడి మోకాలు నొక్కుకుంటుంటే ఆమె మనసు పీకింది. చెప్పేద్దామని దగ్గరికి వెళ్లింది కూడా. ఇంతలో ఫోను మోగింది. ఆయన కుంటుకుంటూనే బాల్కనీలోకి పరిగెత్తాడు.

ఆ పూట నాలుగు చెంచాలు పోసింది.

నెల దాటాక ఒక పొద్దున ఆయనే పొయ్యి వెలిగించాడు. "ఆసుపత్రికి వెళ్లొచ్చి నువ్వు అలిసిపోతున్నావు. నా గిన్నె నేను ఉడికించుకుంటాలే."

కాదనడానికి ఆమెకు సాకు దొరకలేదు. మూడు వారాలు తిరిగేసరికి ఆయన తూకం మీంచి దిగి, పిల్లాడిలా రెండు చేతులూ రుద్దుకుని, టిఫిను కూడా తినకుండా ఎక్కడికో బయల్దేరాడు. ఆ ఆనందం ఆమె కంటపడింది. అడిగేయాలి, ఇవాళే తేల్చుకోవాలి అనుకుంటూనే డయాలసిస్‌కు వెళ్లి పడుకుంది.

మిషను తిరుగుతుండగా డాక్టరమ్మ మంచం పక్కకి కుర్చీ లాక్కుంది. "మంచి వార్తమ్మా. కిడ్నీ దొరికింది. సోమవారం చేరిపోండి."

ఆమె దిండు మీంచి తల పైకెత్తింది. "ఎవరిదండీ?"

"మీవారిదే. మిగతా పరీక్షలన్నీ కుదిరాయి, అప్పట్లో పనికిరాదన్నది ఒక్క బరువెక్కువనే. పద్నాలుగు కిలోలు దించితే చూద్దామన్నాం. ఆ రోజునుంచి మా డైటీషియన్ మేడంని ఫోన్లతో చంపేశారనుకోండి. మీకు ఆశ పెట్టి, తీరా దిగకపోతే తట్టుకోలేరని మా ఎవ్వర్నీ చెప్పనివ్వలేదు. ఆ చివరి రెండు కిలోలు ఎందుకు మొండికేశాయోగానీ, లేకపోతే నెల కిందటే అయిపోయేది."

ఆమె ట్యూబులు గుచ్చిన తన చేతికేసి చూసుకుంది.

డాక్టరమ్మ లేస్తూ దుప్పటి సర్దింది. "దించడం ఒక ఎత్తు, మళ్లీ ఎక్కకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. ఇంట్లో వంట మీ చేతి మీదే కదమ్మా, నూనె దగ్గర కాస్త కనిపెట్టి ఉండండి."