రెండంగుళాలు

"బండి దించమంటారేంటి మాస్టారూ? ఈ రోడ్ల మీద అందరూ ఎత్తించుకుంటుంటే!" అన్నాడు ఖలీల్, రెంచి చేత్తో పట్టుకుని.

మార్టూరు రోడ్డు పక్కనే అతని షెడ్డు. గ్రానైటు లారీలు తొక్కి తొక్కి ఆ రోడ్డు ఏ గతి పట్టిందో రిటైరైన ఇమ్మానుయేలు మాస్టారికి తెలియనిది కాదు. అయినా ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"వెనక రెండంగుళాలు దించు. గుడ్‌ఫ్రైడే నుంచి పైకి లేచింది."

ఖలీల్‌కి నవ్వొచ్చింది. ఆ పాత విదేశీ కారుకి వెనక స్ప్రింగులుండవు. బరువు పడితే మెలితిరిగే ఇనుప కడ్డీలుంటాయి. కారు కిందకి దూరి చూశాడు.

"వీటినెవరూ ముట్టుకోలేదండి. పాతబడితే బండి కుంగుద్ది గానీ లేవదు."

"లేచింది. సైలెన్సరు మీద పాత గీతలున్నాయి చూడు. ఇప్పుడు స్పీడ్‌బ్రేకరు మీద గీసుకోవట్లా."

"గీసుకోకపోతే మంచిదేగా!"

"నాకు బాగా లేదు."

"దించితే నడుములు విరుగుతాయి మాస్టారూ. ఇంట్లోవాళ్ళు తిడతారు."

"తిట్టేవాళ్ళెవరూ లేరు."

ఖలీల్ మళ్ళీ కారు కిందకి దూరాడు. కడ్డీ చివరి పళ్ళ దగ్గర సుద్దతో పాత గుర్తు పెట్టుకుని పనిలో దిగాడు. రెండు వైపులా కడ్డీలు ఊడదీసి, ఒక్కో పన్ను తిప్పి బిగించాలి. తేడా వస్తే బండి ఒక పక్కకి ఒరిగిపోతుంది.

పొద్దుటి నుంచి స్టూలు మీదే కూర్చున్న మాస్టారికి ఒక్క ఫోనూ రాలేదు. ఆయనా ఎవరికీ చేయలేదు. మధ్యాహ్నం ఖలీల్ తన క్యారేజీలో సగం అన్నం పెడితే, ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని తినడం మర్చిపోయినవాడిలా నెమ్మదిగా తిన్నాడు.

సాయంత్రానికి పనైంది. ఖలీల్ పక్క కోల్డ్‌స్టోరేజీ నుంచి రెండు మిరపకాయల టిక్కీ బస్తాలు మోయించుకొచ్చాడు. వెనక సీట్లో బరువు పెట్టి ఎత్తు కొలవడం అతని పద్ధతి.

"ఆ సీట్లో ఏమీ పెట్టొద్దు!" మాస్టారు అడ్డం పడ్డాడు. "ఖాళీగానే కొలువు."

"మనుషులెక్కితే ఇంకా దిగుద్దండీ."

"ఎవరూ ఎక్కరు."

టేపు పెట్టి చూస్తే సరిగ్గా రెండంగుళాలు దిగింది.

"ఖాళీ బండే, వెనక బరువైన మనిషి కూర్చున్నట్టుంది చూడండి," సణిగాడు ఖలీల్.

మాస్టారు మొహం పొద్దుటి నుంచి మొదటిసారి వెలిగింది.

ట్రయలుకి బయల్దేరారు. ఖలీల్ వెనక తలుపు తీయబోతే, "అక్కడ కాదు, ముందు కూర్చో," అన్నాడాయన. చర్చి ముందు స్పీడ్‌బ్రేకరు వచ్చినా కారు నెమ్మదించలేదు. కింద సైలెన్సరు కర్రుమని గీసుకుంది.

"చెప్పానా!" అన్నాడు ఖలీల్. "వెనక్కి పోనీండి. సుద్ద గుర్తు ఉందిగా, మళ్ళీ ఎత్తేస్తా."

మాస్టారు బండి పక్కకు తీసి ఆపాడు. అద్దంలోంచి, ఒకప్పుడు భార్య కూర్చునే ఖాళీ వెనక సీటు వైపు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"గీసుకుంది లిడియా," అన్నాడు. "ఏదీ, ఇక తిట్టు."