స్నోత్రా మింగని మాత్ర

గొర్రెలను కోసే రోజులు ముగిశాయంటే మా ఐస్‌లాండ్‌లో ప్రతి కుక్క చేతా బద్దెపురుగుల మాత్ర మింగించాలి. ఆ పురుగు గుడ్లు కుక్క నుంచి మనిషికి అంటితే కార్జంలో నీటితిత్తులు లేస్తాయి. మా ఆయన ఔదున్ వాళ్ల ముత్తాత అలాగే పోయాడట.

మాత్రను కార్జం సాసేజి ముక్కలో దాచి మా కుక్క స్నోత్రాకు పెట్టాను. అది సాసేజి తిని, మాత్రను శుభ్రంగా నాకి నా కాళ్ల దగ్గర ఉమ్మేసింది.

"ఎంత పొగరే నీకు!" అని బల్ల ముందు కూర్చున్న ఔదున్ దాని మీద అరిచాడు. "డాక్టరిచ్చిన మాత్ర వద్దనడానికి నువ్వెవత్తివే?"

"బీపీ మాత్రలు పొయ్యిలో పారేసిన మనిషివి, నువ్వా దానికి చెప్పేది?" అన్నాను.

"నా సంగతి వేరు. మాత్ర ముట్టకుండానే బీపీ దిగిందా లేదా? నాది గట్టి ఒళ్లు."

రోజూ పొద్దున నేను తన పళ్లెంలో పెట్టే సాసేజి ముక్కను చేతిలోకి తీసుకుని కుక్క వైపు వంగాడు. "చూడవే పిచ్చిదానా, ఇందులో ఏముంది భయపడ్డానికి?" అంటూ దాని కళ్ల ముందే విరిచాడు.

తెల్లటి మాత్ర ఒకటి కిందపడి దొర్లింది.

"కుక్క మాత్ర నా పళ్లెంలోకెలా వచ్చిందే?"

"కుక్కది పసుపుపచ్చది. అదుగో, నా కాళ్ల దగ్గరే ఉంది."

ఔదున్ రెండు మాత్రలనూ మార్చి మార్చి చూశాడు. తోక ఊపుతున్న స్నోత్రాను చూశాడు.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీ ఒళ్లు గట్టిపడ్డప్పట్నుంచీ."